ఉపరితలాన్ని సమతలం మీదకి దించడం ఎలా: బ్రాంచ్ కర్వ్‌తో లెక్కలు

సంకీర్ణ బీజీయ ఉపరితలం అంటే నిజ సంఖ్యల లెక్కలో నాలుగు డైమెన్షన్ల వస్తువు, బొమ్మ గీయడం కుదరదు. దాన్ని పట్టుకోవడానికి ఇటలీ జ్యామితి వాళ్లు వాడిన పాత దారి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది: ఉపరితలాన్ని ప్రక్షేప తలం మీదకి దించాలి, సమతలంలో ఏ బిందువుల మీద పొరలు (ఒకే చోట మీద పడే ఉపరితలం ముక్కలు) కలిసిపోతున్నాయో చూడాలి, ఆ బిందువులన్నీ కలిసి చేసే వక్రాన్ని, అంటే బ్రాంచ్ కర్వ్‌ని, చదవాలి. కావలసిన సమాచారంలో చాలా భాగం ఆ ఒక్క వక్రంలోనే ఉంటుంది. ఎంఎస్సీ స్థాయి బీజగణితం, కాస్త టోపాలజీ వచ్చినవాళ్లు కాగితం పెన్ను పెట్టుకుని చేయగలిగేలా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ పనిని రెండు వైపుల నుంచి మొదలుపెట్టొచ్చు: ఉపరితలం తీసుకుని వక్రాన్ని కనుక్కోవడం ఒకటి, వక్రం తీసుకుని దాని మీద ఏ ఉపరితలం కూర్చుంటుందో వెతకడం రెండోది. కొత్తవాళ్లు రెండోదాంతో మొదలుపెట్టి ఇరుక్కుంటారు. మొదటిది ఎప్పుడూ నడుస్తుంది. రెండోది చాలాసార్లు నడవదు, ఎందుకు నడవలేదో వక్రం డిగ్రీ, దాని మీది కస్ప్‌ల (వక్రం సూదిమొనలా మారే బిందువుల) సంఖ్య చూసి చెప్పలేం. ఆ కస్ప్‌లు ఎక్కడ కూర్చున్నాయో కూడా చూడాలి. కింద అంతా ఆ సంగతే.

ఫార్ములాల్లో తెలుగు అక్షరాలే వాడతాను. సమతలంలో నిరూపకాలు య, ర, ల. పొరల దిశలో ఉండే నిరూపకం వ. పొరల సంఖ్య ప. బ్రాంచ్ కర్వ్ డిగ్రీ 2డ, దాని జీనస్ (వక్రాన్ని నునుపు చేసి రీమన్ ఉపరితలంగా చూస్తే ఉండే రంధ్రాల సంఖ్య) జ, దాని మీద నోడ్‌లు (వక్రం తనని తానే అడ్డంగా కోసుకునే బిందువులు) న, కస్ప్‌లు క.

డిగ్రీని 2డ అని ఎందుకు రాశానంటే అది ఎప్పుడూ సరి సంఖ్యే. సమతలంలో ఒక మామూలు సరళరేఖ తీసుకుని దాని పైన ఉన్న వక్రానికి రీమన్–హర్విట్జ్ సూత్రం వేయండి: 2·జీనస్ − 2 = −2·ప + డిగ్రీ. డిగ్రీ బేసి అయితే సమీకరణం నిలవదు. ఇది కింద చెప్పే 'జెనెరిక్' కవరింగ్‌ల మాట, అన్ని కవరింగ్‌లదీ కాదు (కవరింగ్ అంటే ఉపరితలాన్ని ఇలా పొరలుగా సమతలం మీదకి దించడమే).

జెనెరిక్ అంటే ఇది: పైన ఉపరితలం నునుపుగా ఉండాలి. బ్రాంచ్ కర్వ్ ఒకే ముక్కగా ఉండాలి, దాని మీద నోడ్‌లు, మామూలు కస్ప్‌లు తప్ప వేరే వంకరలు ఉండకూడదు. దాని మీది మామూలు బిందువు దగ్గర సరిగ్గా రెండు పొరలే కలవాలి, మిగతావి విడిగా పోవాలి. నోడ్ దగ్గర రెండు వేర్వేరు జతలు రెండు వేర్వేరు చోట్ల కలుస్తాయి, కస్ప్ దగ్గర మూడు పొరలు ఒక్కచోట కలుస్తాయి. పైన పొరలు కలిసే వక్రం, అంటే రామిఫికేషన్ కర్వ్, నునుపుగా ఉంటుంది, కిందికి దిగేటప్పుడే నోడ్‌లూ కస్ప్‌లూ పుడతాయి. పొరలు విడి బిందువుల దగ్గర మాత్రమే కలిసే అవకాశం ఉందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు, జారిస్కి–నాగాటా ప్యూరిటీ సిద్ధాంతం ప్రకారం అది ఎప్పుడూ వక్రమే. పొరలు రెండో అంతకన్నా ఎక్కువో ఉంటే ఆ వక్రం ఖాళీ కూడా కాలేదు, ఎందుకంటే ప్రక్షేప తలం సింప్లీ కనెక్టెడ్.

రెండు పొరల కేసు చకచకా చూసేద్దాం. సమీకరణం వ² = ఫ, ఇక్కడ ఫ అనేది య, ర, ల లలో డిగ్రీ 2డ ఉన్న సమఘాత బహుపది. బ్రాంచ్ కర్వ్ ఫ = 0 అన్నదే, కనుక్కోవడానికి ఏమీ లేదు. అది నునుపైతే ఉపరితలం నునుపు. శాంకవం మీద కట్టితే ద్విఘాత ఉపరితలం వస్తుంది. డిగ్రీ 4 వక్రం మీద కట్టితే డిగ్రీ 2 డెల్ పెట్జో ఉపరితలం వస్తుంది, కింద ఆ వక్రానికున్న 28 ద్విస్పర్శరేఖలు ఒక్కొక్కటి పైన రెండుగా విడిపోయి 56 రేఖలవుతాయి. డిగ్రీ 6 మీద కె3 అనే రకం ఉపరితలం, డిగ్రీ 8 నుంచి జనరల్ టైపు అనే రకం వస్తాయి. ఆయిలర్ సంఖ్య లెక్క కూడా సులువు, సమతలానిది 3, రెండు పొరలు కాబట్టి 6, అందులోంచి బ్రాంచ్ కర్వ్ ఆయిలర్ సంఖ్య ఒకసారి తీసేయాలి. డిగ్రీ 6 నునుపు వక్రానికి అది −18, కాబట్టి 6 + 18 = 24. కె3కి రావలసిందే వచ్చింది.

అసలు విషయం మూడు పొరల నుంచి మొదలవుతుంది. నునుపైన ఘన ఉపరితలం, అంటే త్రిమితీయ ప్రక్షేప స్థలంలో డిగ్రీ 3 ఉపరితలం తీసుకోండి. ఉపరితలం మీద లేని ఒక బిందువు నుంచి సమతలం మీదకి ప్రక్షేపించండి. ఆ బిందువు గుండా పోయే ప్రతి రేఖా ఉపరితలాన్ని మూడు చోట్ల కోస్తుంది, అవే మూడు పొరలు. నిరూపకాలు సర్ది వ² పదాన్ని తీసేస్తే (ఘన సమీకరణాలు సాధించేటప్పుడు చేసే పనే ఇది) సమీకరణం ఇలా వస్తుంది:

వ³ + 3·అ·వ + 2·బ = 0

అ అనేది య, ర, ల లలో డిగ్రీ 2 బహుపది, బ అనేది డిగ్రీ 3 బహుపది. రెండు మూలాలు ఎక్కడ కలుస్తాయో చెప్పేది విచక్షణి. లెక్కవేస్తే అది −108(అ³ + బ²). అంటే బ్రాంచ్ కర్వ్:

అ³ + బ² = 0

డిగ్రీ 6. దీన్ని ఊరికే చదివి వదిలేయకండి, ఒకసారి చేత్తో చేయండి: వ తో అవకలనం చేస్తే వ² = −అ, దాన్ని మొదటి సమీకరణంలో పెడితే బ = −అ·వ, వర్గం చేస్తే బ² = −అ³. అంతే.

ఇప్పుడు కస్ప్‌లు ఎక్కడున్నాయి? అ, బ రెండూ సున్నా అయ్యే చోట. అక్కడ సమీకరణం వ³ = 0 అయిపోతుంది, మూడు పొరలూ కలుస్తాయి, వక్రం కూడా అ³ + బ² అన్న రూపంలోనే ఉంది కాబట్టి అది కచ్చితంగా మామూలు కస్ప్ (అ = 0, బ = 0 వక్రాలు అడ్డంగా కోసుకుంటే). శాంకవమూ ఘన వక్రమూ 2 × 3 = 6 చోట్ల కోసుకుంటాయి. ఆరు కస్ప్‌లు, నోడ్‌లు లేవు. ఆరూ అ = 0 అన్న ఒక్క శాంకవం మీదే కూర్చున్నాయన్నది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీని అవసరం పడుతుంది. సమతలంలో ఎలా పడితే అలా ఆరు బిందువులు పెడితే వాటి గుండా శాంకవం పోదు, అయిదు బిందువులతోనే శాంకవం ఖాయమైపోతుంది మరి.

జీనస్‌తో సరిచూద్దాం. నునుపు డిగ్రీ 6 వక్రానికి జీనస్ 10, ఆరు కస్ప్‌లు తీసేస్తే 4. పైన రామిఫికేషన్ కర్వ్ ఏమిటి? ఘన ఉపరితలాన్ని వ² + అ = 0 అన్న ద్విఘాత ఉపరితలం కోసే వక్రం, దాని జీనస్ కూడా 4. కుదిరింది.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది, లెక్క తేలిగ్గా ఉంటుందని సౌష్ఠవం ఉన్న ఉపరితలాన్ని ఎంచుకోవడం. వ³ + య³ + ర³ + ల³ = 0 తీసుకుని, య, ర, ల మూడూ సున్నా అయ్యే బిందువు నుంచి ప్రక్షేపిస్తే అ = 0, విచక్షణి బ² అయిపోతుంది. అంటే బ్రాంచ్ కర్వ్ డిగ్రీ 3 వక్రం, దాని ప్రతి బిందువు మీదా మూడు పొరలూ కలుస్తాయి. అందమైన ఉదాహరణే, కానీ జెనెరిక్ కాదు, కింద ఇచ్చే ఫార్ములాలేవీ దీనికి పనిచేయవు. కేంద్రాన్ని పక్కకి జరపండి, సరిపోతుంది. విచక్షణిలో ఏదైనా కారణాంకం రెండుసార్లు వచ్చిందంటే ముందు కేంద్రాన్నే అనుమానించండి.

డిగ్రీ 3 దాటి డిగ్రీ ప ఉన్న నునుపు ఉపరితలాన్ని దించితే బ్రాంచ్ కర్వ్ డిగ్రీ ప(ప−1), కస్ప్‌లు ప(ప−1)(ప−2), నోడ్‌లు ప(ప−1)(ప−2)(ప−3)÷2. మొదటి రెండూ ఎందుకో ఊహించొచ్చు: సమీకరణం, దాని మొదటి అవకలనం రెండూ సున్నా అయ్యేది రామిఫికేషన్ కర్వ్, రెండో అవకలనం కూడా సున్నా అయ్యేవి కస్ప్‌లు, వాటి డిగ్రీలు గుణించుకోవడమే. ప = 4 పెడితే డిగ్రీ 12, 24 కస్ప్‌లు, 12 నోడ్‌లు. దీని విచక్షణి చేత్తో విప్పడం మాత్రం వృథా శ్రమ, సేజ్, మెకాలే2 లాంటి బీజగణిత సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పండి.

ఇక పద్దులు. జెనెరిక్ కవరింగ్ ఏదైనా సరే, పైన ఉపరితలం కెనానికల్ క్లాసు (దాని మీది 2-రూపాల సున్నాలు, ధ్రువాలు చేసే వక్రాల తరగతి) వర్గం, అంటే అది తనని తాను కోసుకునే సంఖ్య (దీన్ని కె² అంటాను), ఆయిలర్ సంఖ్య ఈ రెండూ కింది వక్రం నుంచే వస్తాయి:

కె² = 9·ప − 9·డ + జ − 1

ఆయిలర్ సంఖ్య = 3·ప + 2(జ − 1) − క

ఘన ఉపరితలానికి ప = 3, డ = 3, జ = 4, క = 6. కె² = 27 − 27 + 3 = 3, ఆయిలర్ సంఖ్య 9 + 6 − 6 = 9. రెండూ సరైనవే. డిగ్రీ 4 ఉపరితలానికి డ = 6, జీనస్ 55 − 36 = 19, కాబట్టి కె² = 36 − 54 + 18 = 0, ఆయిలర్ సంఖ్య 12 + 36 − 24 = 24, మళ్లీ కె3. నోడ్‌ల సంఖ్య ఈ ఫార్ములాల్లో నేరుగా కనిపించకపోయినా జీనస్ లోపల దాక్కుని ఉంది. లెక్క తప్పిందేమో చూసుకోవడానికి మంచి పరీక్ష నోథర్ సూత్రం: కె², ఆయిలర్ సంఖ్యల మొత్తం 12తో భాగింపబడాలి. 3 + 9, 0 + 24. భాగింపబడకపోతే ఎక్కడో కస్ప్ వదిలేశారు, లేదా కవరింగ్ జెనెరిక్ కాదు. ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి, అర నిమిషం పని.

ఇప్పుడు కష్టమైన వైపు. ఎవరో ఒక వక్రం ఇచ్చారు, దాని మీద ప పొరల ఉపరితలం ఉందా? ఇది టోపాలజీ ప్రశ్నగా మారుతుంది. సమతలంలోంచి వక్రాన్ని తీసేసి, మిగిలిన దాని ఫండమెంటల్ గ్రూపు చూడాలి. అందులోంచి ప పొరల ప్రస్తారాల గ్రూపులోకి ఒక హోమోమార్ఫిజం కావాలి, దానికి షరతులు: వక్రం చుట్టూ తిరిగే చిన్న ఉచ్చు ప్రతిదీ రెండు పొరల్ని తారుమారు చేసే ట్రాన్స్‌పొజిషన్‌కి పోవాలి, నోడ్ దగ్గరి రెండు ఉచ్చులు ఉమ్మడి పొర లేని ట్రాన్స్‌పొజిషన్‌లకి పోవాలి, కస్ప్ దగ్గరి రెండు ఒక్క పొర ఉమ్మడిగా ఉన్నవాటికి పోవాలి. అన్నీ కలిసి ఏ పొర నుంచైనా ఏ పొరకైనా వెళ్లగలగాలి కూడా. ఇవి కుదిరితే గ్రావర్ట్–రెమ్మెర్ట్ సిద్ధాంతం వల్ల పైన ఉపరితలం దానంతటదే వస్తుంది, నునుపుగానే వస్తుంది. కుదరకపోతే లేనట్టే.

గ్రూపుని లెక్కించడానికి జారిస్కి–వాన్ కాంపెన్ పద్ధతి ఉంది: ఒక బిందువు గుండా పోయే రేఖల్ని తిప్పుతూ, రేఖ మీద వక్రం కోసే బిందువులు ఒకదాని చుట్టూ ఒకటి ఎలా తిరుగుతున్నాయో రాసుకోవడం. కస్ప్ దాటినప్పుడల్లా ఉచ్చులు గ, చ మధ్య గచగ = చగచ అన్న సంబంధం, నోడ్ దాటినప్పుడు గచ = చగ, రేఖ వక్రాన్ని స్పర్శించినప్పుడు గ = చ. సూత్రం ఇంత చిన్నదే కానీ, డిగ్రీ 6 దాటితే చేత్తో చేయడం నరకం. సేజ్‌లో సిరోకో ప్యాకేజీ వేసుకుంటే అదే చేసిపెడుతుంది.

కంప్యూటర్ తెరిచే ముందు రెండు జల్లెడలు పట్టండి. వక్రం మీద నోడ్‌లు మాత్రమే ఉండి కస్ప్‌లు లేకపోతే అక్కడితో ఆపేయొచ్చు. అలాంటి వక్రం బయట ఫండమెంటల్ గ్రూపు ఎప్పుడూ వినిమయ గ్రూపే, ఇది 1980 ప్రాంతంలో ఫుల్టన్, డెలీన్‌ల పనితో తేలింది. ట్రాన్స్‌పొజిషన్‌లన్నీ ఒకదానితో ఒకటి వినిమయం చెందుతూ అన్ని పొరల్నీ కలపాలంటే పొరలు రెండే ఉండాలి. (జారిస్కి దీన్ని 1929లోనే అన్నాడు గానీ ఆయన వాదన సెవెరీ చెప్పిన ఒక ఫలితం మీద నిలబడింది, ఆ రుజువులో లోపం బయటపడింది, దాన్ని చివరికి జో హారిస్ 1986లో నిలబెట్టాడు. అంతవరకూ ఎంతమంది దాన్ని నమ్మి వాడుకున్నారో.) రెండో జల్లెడ మన దేశపు గణితజ్ఞుడు మాధవ్ నోరి 1983లో ఇచ్చింది: 2న + 6క విలువ డిగ్రీ వర్గం కన్నా తక్కువైతే గ్రూపు వినిమయమే, కాబట్టి మళ్లీ రెండు పొరలే. అయిదు కస్ప్‌ల డిగ్రీ 6 వక్రం ఇక్కడే ఆగిపోతుంది, 30 < 36. ఆరు కస్ప్‌లదైతే 36, 36, సరిగ్గా గీత మీద నిలబడి జల్లెడ దాటుతుంది.

దాటాక ఏమవుతుందన్నదే ఈ మొత్తం విషయంలో నాకు బాగా నచ్చిన భాగం. జారిస్కి చూపించిందేమిటంటే, ఆరు కస్ప్‌లూ ఒక శాంకవం మీద ఉంటే ఫండమెంటల్ గ్రూపు 2 మూలకాల, 3 మూలకాల చక్రీయ గ్రూపుల ఫ్రీ ప్రొడక్ట్. ఆరూ ఒక శాంకవం మీద లేకపోతే అది 6 మూలకాల చక్రీయ గ్రూపు, అంతే. మొదటిదాని నుంచి మూడు పొరల ప్రస్తారాల గ్రూపులోకి దారి ఉంది, ఘన ఉపరితలం వచ్చేది దాంట్లోంచే. రెండోదాని నుంచి లేదు. రెండు వక్రాలదీ డిగ్రీ 6, రెండింటికీ ఆరు కస్ప్‌లు, జీనస్ 4, పైన రాసిన పద్దుల్లో పెడితే రెండూ కె² = 3, ఆయిలర్ సంఖ్య 9 అనే చూపిస్తాయి, నోథర్ పరీక్ష కూడా దాటతాయి. కానీ రెండోదాని మీద మూడు పొరల జెనెరిక్ ఉపరితలం లేనే లేదు. పద్దులు కుదిరాయంటే ఉపరితలం ఉండే అవకాశం ఉందని మాత్రమే, ఉందని కాదు. అందుకే వక్రం చేతికొస్తే డిగ్రీ, కస్ప్‌ల సంఖ్య రాసుకున్న వెంటనే ఆ కస్ప్‌ల గుండా ఎంత చిన్న డిగ్రీ వక్రం పోతుందో చూడండి. ఇది మామూలు లీనియర్ ఆల్జీబ్రా, మాత్రికకి ర్యాంకు కట్టడమే.

సరే, ఉపరితలం ఉందనే అనుకుందాం. ఒకటేనా? 1944లో ఇటలీ గణితజ్ఞుడు ఆస్కార్ కిసీని ఊహించింది, పొరలు అయిదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే వక్రమే కవరింగ్‌ని ఏకైకంగా నిర్ణయిస్తుందని. 1999లో రష్యా గణితజ్ఞుడు విక్టర్ కులికోవ్ ఒక వాడుకోదగిన షరతు ఇచ్చాడు:

ప > 4(3డ + జ − 1) ÷ (2(3డ + జ − 1) − క)

అయితే కవరింగ్ ఏకైకం. ఘన ఉపరితలానికి 3డ + జ − 1 = 12, కుడివైపు 48 ÷ 18, అంటే మూడుకి లోపే, కాబట్టి ఏకైకం. డిగ్రీ 4 ఉపరితలానికి 144 ÷ 48 = 3, మన పొరలు 4, ఇదీ ఏకైకమే. కుడివైపు విలువ ఎప్పుడూ 12కి మించదని తర్వాత నెమిరోవ్‌స్కీ చూపించాడు, కాబట్టి పన్నెండు పొరలు దాటితే ఈ లెక్క కూడా వేసుకోనక్కర్లేదు.

అయిదు పొరల షరతు ఎందుకో తెలియాలంటే తొమ్మిది కస్ప్‌ల డిగ్రీ 6 వక్రాన్ని తప్పకుండా ఒకసారి చేసి చూడాలి. నునుపు ఘన వక్రం ఒకటి తీసుకుని దాని స్పర్శరేఖలన్నిటినీ బిందువులుగా చూస్తే వచ్చే ద్వంద్వ వక్రం ఇదే. ఘన వక్రానికున్న తొమ్మిది ఫ్లెక్స్ బిందువుల (స్పర్శరేఖ వక్రాన్ని మూడు రెట్లుగా తాకే చోట్ల) స్పర్శరేఖలు ఇక్కడ తొమ్మిది కస్ప్‌లు. జీనస్ 10 − 9 = 1. దీని మీద మూడు పొరల కవరింగ్ కట్టడం సులువు: ఘన వక్రం మీద ఒక బిందువు, దాని గుండా పోయే ఒక రేఖ, ఈ జతలన్నీ కలిపి ఒక ఉపరితలం. జతని రేఖకి పంపండి. రేఖ ఘన వక్రాన్ని మూడు చోట్ల కోస్తుంది కాబట్టి మూడు పొరలు, రేఖ స్పర్శరేఖ అయినప్పుడు రెండు కలుస్తాయి. పద్దు వేస్తే కె² = 27 − 27 + 0 = 0, ఆయిలర్ సంఖ్య 9 + 0 − 9 = 0, అంటే ఎలిప్టిక్ వక్రం మీది రూల్డ్ ఉపరితలం. ఇప్పుడు అదే వక్రం, నాలుగు పొరలు పెట్టండి: కె² = 36 − 27 + 0 = 9, ఆయిలర్ సంఖ్య 12 + 0 − 9 = 3. ఇవి ప్రక్షేప తలం సంఖ్యలే! ఈసారి ఉపరితలం నిజంగానే ఉంది కూడా. సమతలాన్ని సమతలం మీదకే ఇలా పంపండి:

[య : ర : ల] → [య² + ట·ర·ల : ర² + ట·య·ల : ల² + ట·య·ర]

ట ఒక మామూలు స్థిరాంకం. సున్నా మాత్రం పెట్టకండి, పెడితే బ్రాంచ్ కర్వ్ మూడు సరళరేఖలుగా విరిగిపోతుంది, జెనెరిక్ కాకుండా పోతుంది. జాకోబియన్ నిర్ధారకం విప్పితే (8 + 2ట³)·య·ర·ల − 2ట²·(య³ + ర³ + ల³) వస్తుంది, ఇదే పైనున్న రామిఫికేషన్ కర్వ్, నునుపు ఘన వక్రం, జీనస్ 1. దాని ద్వంద్వ వక్రమే కింద బ్రాంచ్ కర్వ్. పైగా ఒకే హెస్సియన్ (ఘన బహుపది రెండో అవకలనాల నిర్ధారకం, పై జాకోబియన్ అలాంటిదే) ఉన్న ఘన వక్రాలు మూడుంటాయి కాబట్టి ఇలాంటి నాలుగు పొరల కవరింగ్‌లు మూడు వస్తాయి, మూడు పొరలది ఒకటి, మొత్తం ఒకే వక్రం మీద నాలుగు వేర్వేరు కవరింగ్‌లు. కులికోవ్ షరతులో పెట్టి చూడండి: 3డ + జ − 1 = 9, కుడివైపు 36 ÷ 9 = 4, మన పొరలూ 4, నాలుగు కన్నా నాలుగు పెద్దది కాదు.